పాలసీ ఎవరి గడియారం మీద నడుస్తోంది? టైమ్‌ని లెక్కలో పెట్టుకుని జనాన్ని కలుపుకోవడం ఎలా, స్టెప్ బై స్టెప్

ఆలస్యం అమృతం విషం అంటాం, మళ్ళీ మనమే నిదానమే ప్రధానం అంటాం. సొంత పనుల్లో ఏది ఎప్పుడు వాడాలో మనకి బాగానే తెలుసు. పబ్లిక్ పాలసీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రాజెక్ట్ కావాలన్నవాళ్ళు మొదటిది పట్టుకుంటారు, వద్దన్నవాళ్ళు రెండోది పట్టుకుంటారు, అసలు ఈ పనికి ఎంత టైమ్ పడుతుంది, ఆ టైమ్ ఎవరి చేతిలో ఉంది అని కూర్చుని తేల్చేవాళ్ళు కనపడరు.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్తా. కొన్నేళ్ళ కింద ఒక డ్రాఫ్ట్ ప్లాన్ మీద అభిప్రాయ సేకరణ మీటింగ్‌కి నోట్స్ రాసే పని మీద వెళ్ళా. వర్కింగ్ డే, పొద్దున 11 గంటలకి. 60 కుర్చీలు వేశారు, 9 మంది వచ్చారు. సంతకాల షీట్‌లో వయసు కాలమ్ చూస్తే 7 మంది 60 దాటినవాళ్ళే. మీటింగ్ అయ్యాక "ప్రజల నుంచి పెద్దగా అభ్యంతరాలు రాలేదు" అని మినిట్స్‌లో రాయమన్నారు, రాశా. అబద్ధం కాదు అది. కానీ పొద్దున 11 గంటలకి రాగలిగినవాళ్ళ నుంచి రాలేదు అని రాయాలి కదా, అది నాకు నెల తర్వాత తట్టింది, అప్పటికి ప్లాన్ ఓకే అయిపోయింది.

అప్పటి నుంచి ఏ పాలసీ పని మొదలైనా ముందు టైమ్ సంగతి తేల్చుకుంటా. ఎవరి టైమ్ ప్రకారం పాలసీ నడుస్తుందో చివరికి వాళ్ళ మాటే నెగ్గుతుంది అనేది నా అనుభవం. అలా తేల్చుకునే పద్ధతే ఇది, లోకల్ బాడీలో పనిచేసేవాళ్ళకైనా, కాలనీ కమిటీ నడిపేవాళ్ళకైనా, ఏదైనా సంస్థ తరఫున కన్సల్టేషన్ పెట్టేవాళ్ళకైనా పనికొస్తుంది.

స్టెప్ 1: ఎన్ని గడియారాలు తిరుగుతున్నాయో రాసుకోండి

ఒక పెద్ద కాగితం తీసుకుని మధ్యలో అడ్డంగా గీత గీయండి, ఎడమ చివర ఇవాళ్టి తేదీ, కుడి చివర ఈ పని ప్రభావం ఆగిపోయే సంవత్సరం. ఆ కుడి చివర ఏం రాయాలో తెలీకపోతే మంచిదే, సగం మీటింగ్‌లు దాని మీదే జరగాలి.

ఇప్పుడు ఆ గీత మీద ఒక్కో గడియారం పెట్టండి. ఎలక్షన్లది, 4 లేదా 5 ఏళ్ళు. బడ్జెట్‌ది, ఏడాది. సంతకం పెట్టే ఆఫీసర్ ఆ సీట్లో ఉండే కాలం. లోన్ ఇచ్చినవాళ్ళు పెట్టిన గడువు. కట్టేదాని ఆయుష్షు, బ్రిడ్జి అయినా పైప్‌లైన్ అయినా దశాబ్దాల్లో ఉంటుంది. ప్రకృతిది, భూగర్భ జలం మళ్ళీ నిండటానికో చెట్లు ఎదగడానికో పట్టే కాలం. అన్నిటికన్నా కింద జనం రోజు, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా, అదీ ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కోలా.

బడ్జెట్ గడియారం ఎంత మొండిదో ఒక ఉదాహరణ. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టుల మీద చేసిన ఒక స్టడీలో ఆర్థిక సంవత్సరం ఆఖరి వారంలో ఖర్చు మామూలు వారం కన్నా దాదాపు 5 రెట్లు ఉందని తేలింది. మిగిలిన డబ్బు వెనక్కి పోతుందని కంగారు. ఆ వారంలో జరిగే నిర్ణయాల్లో జనాన్ని అడిగే తీరిక ఎవరికి ఉంటుంది చెప్పండి. ఎలక్షన్ గడియారం గురించి ఎకనామిస్ట్ విలియం నార్డ్‌హౌస్ 1975లోనే రాశాడు, ఓట్లకి ముందు తీపి కబుర్లు, ఓట్లయ్యాక చేదు మందు, ఇదొక చక్రంలా తిరుగుతుందని.

అన్నీ గీశాక ఏ రెండు గడియారాల మధ్య దూరం ఎక్కువుందో చూడండి. గొడవ వచ్చేది అక్కడే. 50 ఏళ్ళు ఉండే కట్టడాన్ని 2 ఏళ్ళ సీట్లో ఉన్నాయన, నెల రోజుల్లో ముగిసే బడ్జెట్‌లో, 15 రోజుల నోటీసుతో తేలుస్తున్నాడా? దాన్ని ఎర్ర పెన్నుతో చుట్టండి.

స్టెప్ 2: డెడ్‌లైన్ ఎక్కడ పుట్టిందో కనుక్కోండి

ప్రతి తేదీ పక్కన ఒకటే ప్రశ్న రాయండి: ఇది దాటితే ఏం జరుగుతుంది, ఎవరికి? జవాబులు మూడు రకాలుగా వస్తాయి. ప్రకృతి పెట్టింది, ఉదాహరణకి వరదలొచ్చే లోపు గట్టు పని అవ్వాలి, దీనితో బేరం కుదరదు. చట్టమో ఒప్పందమో పెట్టింది, దీన్ని మార్చొచ్చు గానీ కష్టం. మూడోది ఎవరో ఒకరి సౌకర్యం, ప్రారంభోత్సవం ఫలానా రోజు ఉంటే బాగుంటుందని. నేను చూసినంతలో "తప్పనిసరి" అని చెప్పిన తేదీల్లో చాలా మటుకు మూడో రకమే, అడిగితే గానీ బయటపడవు.

తొందరపడితే పని తొందరగా అవుతుందనేది కూడా అంత ఖాయం కాదు. దీనికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ అణు వ్యర్థాలది, ఎందుకంటే అక్కడ లెక్క లక్ష ఏళ్ళలో ఉంటుంది.

ఫిన్లాండ్ ఈ వ్యర్థాల్ని భూమి లోతుల్లో పాతిపెట్టడానికి 1983లోనే ఒక పొడుగాటి షెడ్యూల్ పెట్టుకుంది, చోటు వెతకడం, పరీక్షలు, లైసెన్స్, దశాబ్దాల లెక్కలో. దాంతోపాటు ఏ ఊరిలో పెట్టాలన్నా ఆ ఊరి కౌన్సిల్ వద్దంటే ఇక ఆగిపోవాల్సిందే అని వీటో కూడా చట్టంలో ఉంది. యురాయోకి అనే మున్సిపాలిటీ కౌన్సిల్ 2000 జనవరిలో 20-7 ఓట్లతో సరే అంది, 2001లో పార్లమెంట్ ఆమోదించింది, 2004లో తవ్వకం మొదలైంది, సుమారు 430 మీటర్ల లోతున ఓంకలో అనే సొరంగాలు తయారయ్యాయి. అక్కడ ఇంతకుముందే అణు విద్యుత్ కేంద్రం ఉంది, ఉద్యోగాలు, పన్నులు, ఇవన్నీ కూడా ఆ "సరే" వెనక ఉన్నాయి, ఒక్క ఓపికే గెలిపించిందని అనను.

అమెరికా సంగతి వేరు. 1998 జనవరి 31 నుంచి వ్యర్థాలు తీసుకుంటాం అని ప్రభుత్వం మాటిచ్చింది, చోట్లు పోల్చే పని ఆలస్యమవుతుంటే 1987లో కాంగ్రెస్ (అక్కడి పార్లమెంట్) చట్టం మార్చి నెవాడా రాష్ట్రంలో యుక్కా మౌంటెన్ ఒక్కటే చూడండి అని మిగతావన్నీ పక్కన పెట్టింది. నెవాడా వద్దంది, 2002లో కాంగ్రెస్ ఆ వద్దుని కొట్టేసింది. నెవాడా మాత్రం వదల్లేదు, కోర్టుల్లో, రాజకీయాల్లో పోట్లాడుతూనే ఉంది, 2011కల్లా ఆ ప్రాజెక్టుకి నిధులు ఆగిపోయాయి, వ్యర్థాలు ఇప్పటికీ దేశమంతా రియాక్టర్ల దగ్గరే ఉన్నాయి. అడగడానికి పట్టే టైమ్ మిగుల్చుకుందామని చూసి దశాబ్దాలు పోగొట్టుకున్నారు.

స్టెప్ 3: రేపటికి ఎంత విలువ కడుతున్నారో చూడండి

ఇది చాలామంది దాటేసే స్టెప్, లెక్కలంటే భయం. కానీ పెద్ద ప్రాజెక్ట్ రిపోర్టులో వెనక పేజీల్లో "డిస్కౌంట్ రేట్" అని ఒక చిన్న నంబర్ ఉంటుంది, మనవళ్ళ భవిష్యత్తు ఆ నంబర్‌లో ఉంటుంది. రేపు వచ్చే లాభనష్టాల్ని ఇవాళ్టి విలువలోకి మార్చేటప్పుడు ఏడాదికి ఎంత శాతం తగ్గించాలి అన్నదే అది.

కాల్క్యులేటర్ తీయండి. 100 ఏళ్ళ తర్వాత 1000 యూనిట్ల నష్టం వస్తుందనుకోండి. 1 శాతం రేట్ వేస్తే ఇవాళ్టి లెక్కలో అది 370 యూనిట్లు. 3.5 శాతం వేస్తే 32. 7 శాతం వేస్తే 1 కన్నా కాస్త ఎక్కువ, అంతే. అదే నష్టం, అదే మనుషులు, నంబర్ మారగానే కొండ కాస్తా గులకరాయి అయిపోయింది. క్లైమేట్ విషయంలో 2006లో నికోలస్ స్టెర్న్ బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన రిపోర్ట్‌లో దాదాపు 1.4 శాతం వాడితే వెంటనే గట్టిగా ఖర్చుపెట్టాలని వచ్చింది, నార్డ్‌హౌస్ అంతకన్నా చాలా ఎక్కువ రేట్ వాడితే మెల్లగా మొదలెట్టొచ్చని వచ్చింది. ఇద్దరి మధ్య తేడా సైన్స్ మీద కన్నా రేపటి మీద ఎక్కువ.

బ్రిటన్ ప్రభుత్వం ప్రాజెక్టుల లెక్కకి మొదటి 30 ఏళ్ళకి 3.5 శాతం వాడి, కాలం దూరమయ్యే కొద్దీ తగ్గిస్తూ 300 ఏళ్ళు దాటాక 1 శాతం వాడే పద్ధతి పెట్టుకుంది. ఇదే గొప్పదని కాదు, కనీసం నంబర్ బయటికి చెప్పారు. మీరు చేయాల్సింది కూడా అదే, రిపోర్ట్ రాసినవాళ్ళని ఏ రేట్ వాడారు, అది సగం చేస్తే ఫలితం మారుతుందా అని అడగండి. మారితే ఆ రేట్ ఎంతుండాలో జనం ముందు చర్చకి పెట్టాలి, కన్సల్టెంట్ కంప్యూటర్‌లో తేలిపోకూడదు. ఎన్నేళ్ళ దాకా లెక్కేశారో కూడా అడగండి, 20 ఏళ్ళకి ఆపేస్తే 21వ ఏడు వచ్చే రిపేర్ ఖర్చు రిపోర్ట్‌లో ఉండదు మరి.

స్టెప్ 4: టైమ్ గురించి మనుషులకి అర్థమయ్యే మాట వాడండి

"100 ఏళ్ళకోసారి వచ్చే వరద" అంటే మీకేం అర్థమైంది? మొన్ననే వచ్చింది కాబట్టి ఇంకో 99 ఏళ్ళు నిశ్చింత అని కదా. అసలు అర్థం ఏ ఏడైనా 1 శాతం అవకాశం అని. 30 ఏళ్ళ హోమ్ లోన్ తీర్చే లోపు కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం, అంటే దాదాపు నాలుగింట ఒక వంతు. మొదటి వాక్యం చెప్తే జనం ఇంటికి వెళ్ళి పడుకుంటారు, రెండోది చెప్తే ప్రశ్నలు వేస్తారు. నోటీసులో "దీర్ఘకాలికంగా", "త్వరలో", "దశలవారీగా" లాంటి మాటలన్నీ కొట్టేసి సంవత్సరాలు పెట్టండి, లేదా "ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల డిగ్రీ పూర్తి చేసేసరికి" అని చెప్పండి.

స్టెప్ 5: టైమ్ ఎవరి దగ్గర ఉంది?

ఈ స్టెప్ మీద ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే "జనానికి ఇంట్రెస్ట్ లేదు" అనే మాట ఇక్కడే తప్పని తేలుతుంది.

డబ్బు లేకపోవడం ఎలాగో టైమ్ లేకపోవడం కూడా అలాగే ఒక పేదరికం. చాలా దేశాలు ఎవరు ఏ పనికి ఎన్ని నిమిషాలు పెడుతున్నారో సర్వే చేస్తాయి. భారతదేశంలో 2024 సర్వేలో జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. తేడా 3 గంటల పైనే. ఆ 3 గంటల్లోనే మీరు మీటింగ్ పెట్టి మహిళల హాజరు తక్కువగా ఉందని రిపోర్ట్ రాస్తే ఏమనాలి.

అందుకని తేదీ ఫిక్స్ చేసే ముందు ఓ పని చేయండి. ఈ నిర్ణయం తగిలే మనుషులు ఒక ఐదారు రకాలు రాసుకోండి: షిఫ్ట్ డ్యూటీ చేసే మనిషి, చంటిపిల్ల ఉన్న తల్లి, రోజు కూలీ, మంచం పట్టిన పెద్దాయన్ని చూసుకునే కోడలు, పరీక్షలున్న కుర్రాడు, చిన్న షాపు నడిపే ఆయన. ఒక్కొక్కరికీ వారం మొత్తం 7 గడులు గీసి ఖాళీ గంటలు టిక్ పెట్టండి. ఊహించొద్దు, అలాంటివాళ్ళని పట్టుకుని అడగండి, పది నిమిషాలు పట్టదు. నేను మొదటిసారి చేసినప్పుడు అందరికీ కలిసి ఖాళీగా ఉన్న గంట ఒక్కటీ దొరకలేదు. అదే అసలు ఫలితం అన్నమాట: ఒక్క మీటింగ్‌తో పని జరగదు, రెండు వేర్వేరు వేళల్లో పెట్టాలి, ఒకటి వాళ్ళు ఎలాగూ ఉండే చోటికే వెళ్ళి పెట్టాలి.

అందరికీ కలిసొచ్చే ఖాళీ ఎంత విలువైందో సోవియట్ వాళ్ళకి దెబ్బ తగిలాక తెలిసింది. 1929లో ఫ్యాక్టరీలు ఒక్క రోజు కూడా ఆగకూడదని 7 రోజుల వారం తీసేసి 5 రోజుల వారం పెట్టారు, కార్మికుల్ని 5 గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక్కో రోజు సెలవు. కాగితం మీద చూస్తే అందరికీ ముందుకన్నా ఎక్కువ సెలవులే. కానీ మొగుడికి సెలవున్న రోజు పెళ్ళానికి డ్యూటీ, స్నేహితులు కలవలేరు, మీటింగ్ పెడదామంటే ఎప్పుడూ అయిదోవంతు మంది ఉండరు. 1931లోనే దాన్ని మార్చడం మొదలుపెట్టి 1940కల్లా 7 రోజుల వారానికి, ఆదివారం సెలవుకి తిరిగొచ్చారు. ఫ్రెంచ్ విప్లవం వాళ్ళు 1793లో పెట్టిన 10 రోజుల వారం కూడా 1806కల్లా పోయింది, 7 రోజులకోసారి వచ్చే విశ్రాంతి 10 రోజులకోసారి అంటే ఎవరు ఒప్పుకుంటారు.

ఇటలీలో దీనికి చట్టమే ఉంది. స్కూళ్ళు, ఆఫీసులు, షాపులు, బస్సులు అన్నీ ఎవరి ఇష్టం వచ్చిన వేళల్లో వాళ్ళు నడిపితే మధ్యలో ఆడవాళ్ళు నలిగిపోతున్నారని మహిళా ఉద్యమాలు ఎప్పటి నుంచో అడుగుతుంటే 2000లో 53వ నంబర్ చట్టం వచ్చింది, 30,000 జనాభా దాటిన మున్సిపాలిటీలు ఊరి వేళలకి ఒక ప్లాన్ వేయాలి, దానికి బాధ్యుడు ఉండాలి అని. భూమికి మాస్టర్ ప్లాన్ ఉన్నట్టు టైమ్‌కి కూడా ఒకటి. అన్ని చోట్లా బాగా అమలైందని చెప్పలేను గానీ ఆలోచన మాత్రం నాకు భలే నచ్చింది.

టైమ్ అడుగుతున్నప్పుడు దానికి ఖరీదు కట్టడం ఇంకో దారి. ఫ్రాన్స్‌లో 2019-20లో లాటరీ తీసి 150 మందితో క్లైమేట్ మీద సిటిజన్స్ కన్వెన్షన్ పెట్టినప్పుడు వారాంతాల్లో పిలిచారు, రోజుకి భత్యం ఇచ్చారు, పిల్లల్ని చూసుకునే ఖర్చు కూడా ఇచ్చారు. ఐర్లాండ్‌లో 99 మంది మామూలు పౌరులు అబార్షన్ విషయం మీద 5 వారాంతాలు కూర్చున్నారు, వాళ్ళ సిఫార్సు తర్వాత 2018 మేలో రెఫరెండం జరిగి, రాజ్యాంగంలో ఉన్న అబార్షన్ నిషేధం తీసేయడానికి 66.4 శాతం అవునన్నారు. 5 వారాంతాలంటే మామూలు మీటింగ్ కాదు, మనసు మార్చుకోవడానికి కూడా టైమ్ పడుతుంది, దాన్ని ఎవరూ షెడ్యూల్‌లో రాయరు.

ఆన్‌లైన్‌లో పెట్టేస్తే ఈ తలనొప్పి ఉండదు కదా అంటారు. సగమే నిజం. ఎండాకాలానికి, చలికాలానికి గడియారాన్ని గంట ముందుకీ వెనక్కీ తిప్పే పద్ధతి ఉంచాలా వద్దా అని 2018లో యూరోపియన్ యూనియన్ ఆన్‌లైన్‌లో అడిగితే 46 లక్షల జవాబులొచ్చాయి, 84 శాతం వద్దన్నారు. బ్రహ్మాండం. అయితే అందులో దాదాపు 70 శాతం ఒక్క జర్మనీ నుంచే. 28 దేశాల అభిప్రాయం అని దాన్ని ఎలా అంటాం? 2021తో ఆపేద్దామని యూరోపియన్ పార్లమెంట్ 2019లో ఓటేసింది కూడా, దేశాల ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదరక ఆ తేదీ దాటిపోయింది. కాబట్టి జవాబులు ఎన్ని వచ్చాయో కాకుండా ఎవరి నుంచి వచ్చాయో ముందు చూడండి.

స్టెప్ 6: ఎప్పుడు పిలవాలి

ఇక్కడో చిక్కుంది. మొదట్లో పిలిస్తే అన్నీ మార్చొచ్చు, కానీ అప్పుడు అదంతా గాల్లో మేడలా ఉంటుంది కాబట్టి ఎవరూ రారు. చివర్లో పిలిస్తే ఇంటి ముందు మార్కింగ్ వేశాక అందరూ వస్తారు, కానీ అప్పటికి మార్చడానికేమీ మిగలదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. 1998లో కుదిరిన ఆర్హస్ అంతర్జాతీయ ఒప్పందంలో పర్యావరణ నిర్ణయాలకి ఒక నియమం ఉంది, అన్ని ఆప్షన్లూ ఇంకా తెరిచి ఉన్నప్పుడే జనాన్ని పిలవాలి అని. మాట మంచిదే, వాళ్ళు వచ్చేలా చేసే పని మాత్రం మనదే.

నేను చేసేది ఏంటంటే నిర్ణయాన్ని ముక్కలు చేసి ఏ ముక్క ఏ తేదీ తర్వాత మారదో ఒక లిస్ట్ పెడతా. "చోటు: ఫలానా తేదీ దాకా మార్చొచ్చు. ఎత్తు: ఫలానా తేదీ దాకా. డిజైన్: ఇంకా తర్వాత." ఇది నోటీసులో మొదటి పేరాలోనే ఉండాలి. మొదటి తలుపు మూసుకునే తేదీ చూడగానే గాల్లో మేడ నేల మీదకి దిగుతుంది, జనం కదులుతారు. ఇప్పటికే మూసుకుపోయిన తలుపులుంటే అవీ చెప్పేయండి, అన్నీ తెరిచే ఉన్నట్టు నటిస్తే తర్వాత ఎవరూ నమ్మరు.

ఎన్ని రోజులివ్వాలి అన్నదానికి ఒకటే లెక్క లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ కన్సల్టేషన్లకి 2008లో పెట్టిన కోడ్ 12 వారాలంది, 2012లో ఆ కనీస గడువు తీసేసి విషయాన్ని బట్టి పెట్టుకోండి అన్నారు. భారత ప్రభుత్వం చట్టాల డ్రాఫ్ట్‌లకి 2014 నుంచి కనీసం 30 రోజులు అని పాలసీ పెట్టుకుంది. నా అంచనా పద్ధతి వేరే: ఒక సంఘమో కమిటీయో నెలకోసారి కలుస్తుంది అనుకుంటే ఒకసారి విషయం వినడానికి, ఒకసారి చర్చించి రాయడానికి, అంటే రెండు మీటింగులు పట్టాలి. కాబట్టి 60 రోజులు. అంతకన్నా తక్కువిస్తే జవాబులు ఉద్యోగంగా ఆ పని చేసే లాయర్ల నుంచి, కంపెనీల నుంచే వస్తాయి. పండగల ముందు రోజు నోటీసు వేసి సెలవులయ్యాక గడువు ముగించడం ఒక పాత ట్రిక్కు, మీరు చేయకండి, వేరేవాళ్ళు చేస్తే పట్టుకోండి.

స్టెప్ 7: మీటింగ్ లోపలి టైమ్

మనిషికి 3 నిమిషాలు, బెల్ కొడతారు. ఇది అందరికీ సమానం అనిపిస్తుంది గానీ 3 నిమిషాల్లో మాట్లాడటం ఒక ట్రైనింగ్, అది ఉన్నవాళ్ళకే లాభం. ఎడ్వర్డ్ హాల్ అనే ఆంత్రోపాలజిస్ట్ చెప్పినట్టు కొందరు టైమ్‌ని ఒక్కో పనికి ఒక్కో గదిలా కట్టుకుని నడుస్తారు, కొందరు మాట పూర్తయ్యే దాకా ఆగి తర్వాత పనికెళ్తారు. ఫలానా జాతివాళ్ళు ఇలాంటివాళ్ళే అని ముద్ర వేయడానికి దీన్ని వాడొద్దు, ఒకే మనిషి ఆఫీసులో ఒకలా స్నేహితుల దగ్గర ఒకలా ఉంటాడు. మీటింగ్‌లో రెండిటికీ చోటివ్వండి చాలు: గంటసేపు మైకు ముందు బెల్లుతో, ఇంకో గంట బెల్లు లేకుండా టేబుళ్ళ చుట్టూ.

ఇంకోటి, పెద్దవాళ్ళు లేచి 20 ఏళ్ళ కింద ఏం జరిగిందో మొదలుపెడతారు. స్టేజ్ మీద ఉన్నవాళ్ళు వాచీ చూసుకుంటారు, "సార్, ఇవాళ్టి విషయానికి రండి" అంటారు. ఆయన ఇవాళ్టి విషయమే చెప్తున్నాడండీ. గతంలో మాటిచ్చి తప్పారు, అందుకే ఇప్పుడు నమ్మట్లేదు అని చెప్పడం అది. అందుకని మొదటి అరగంట గతానికే వదిలేయండి. గోడకి ఒక పొడుగు కాగితం అంటించి ఏ ఏడు ఏం జరిగింది, ఏం చెప్పి ఏం చేశారు అని వాళ్ళ చేతే రాయించండి. ఒకసారి అలా రాయిస్తుంటే ఒకావిడ లేచి పాత నోటీసు ఫోటోకాపీ బ్యాగ్‌లోంచి తీసింది, మడతలు పడి చిరిగిపోయే స్థితిలో ఉంది, అందులో తేదీ, సంతకం, ఇచ్చిన హామీ అన్నీ ఉన్నాయి, అది నిర్వాహకుల ఫైల్‌లో లేదు. తర్వాత గంట మీటింగ్ ఆ కాగితం చుట్టూనే నడిచింది, అన్నేళ్ళలో మొదటిసారి మర్యాదగా నడిచింది కూడా.

స్టెప్ 8: ఇంకా పుట్టనివాళ్ళకి కుర్చీ

మీటింగ్ ఏ వేళకి పెట్టినా రాలేనివాళ్ళు కొందరుంటారు, ఇంకా పుట్టనివాళ్ళు. వాళ్ళ తరఫున మాట్లాడటానికి కొన్ని దేశాలు ఏర్పాట్లు చేసుకున్నాయి. ఫిన్లాండ్ పార్లమెంట్‌లో 1993 నుంచి భవిష్యత్తు కోసం ఒక కమిటీ ఉంది. వేల్స్‌లో 2015లో భవిష్యత్ తరాల శ్రేయస్సు చట్టం వచ్చింది, ప్రభుత్వ సంస్థలు దూరం చూసి పనిచేయాలి, జనాన్ని కలుపుకోవాలి అని, ఒక కమిషనర్ కూడా ఉన్నారు. అక్కడ ఎం4 మోటర్‌వేకి కొత్త రోడ్డు ప్లాన్‌ని కమిషనర్ గట్టిగా వ్యతిరేకించారు, 2019లో ప్రభుత్వం ఖర్చు, పర్యావరణం కారణాలుగా దాన్ని ఆపేసింది. అయితే కమిషనర్‌కి ఆపే అధికారం లేదు, మాట్లాడే అధికారమే ఉంది.

చిన్న స్థాయిలో చేయదగ్గది జపాన్‌లో యహబా అనే పట్టణంలో 2015లో చేశారు. కొంతమంది నివాసుల్ని 2060లో బతుకుతున్నవాళ్ళలా ఊహించుకుని అక్కడి నుంచి వెనక్కి చూస్తూ మాట్లాడమన్నారు, ఇంకో గుంపుని ఇప్పటివాళ్ళుగానే మాట్లాడమన్నారు. 2060 గుంపు కష్టమైన, టైమ్ పట్టే పనులు ముందు పెట్టింది. నేను దీన్ని చిన్నగా ట్రై చేశా. నవ్వులాటగా మొదలైంది, ఒకాయనైతే "2060లో నేను బతికి ఉంటే కదా" అని వెళ్ళిపోబోయాడు, మీ మనవరాలి పేరుతో మాట్లాడండి అంటే ఆగిపోయి కూర్చున్నాడు. తర్వాత మాట్లాడినంతసేపూ ఆ పిల్ల వయసు లెక్కేసుకుంటూనే ఉన్నాడు.

భవిష్యత్తు పేరు చెప్పి ఇవాళ్టి పేదవాడి నోరు నొక్కడం కూడా ఉంటుంది, జాగ్రత్త. "రాబోయే తరాల కోసం" అని గుడిసెలు ఖాళీ చేయిస్తే ఆ గుడిసెల్లో పిల్లలు రాబోయే తరం కాదా? అందుకని 2060 గుంపులో ఇప్పుడు నష్టపోయేవాళ్ళు తప్పక ఉండాలి.

రూల్ రాసేటప్పుడు గడువు ముగిసే తేదీ కూడా రాయండి, పలానా ఏడు మళ్ళీ చూస్తాం, చూడకపోతే రద్దు అని. ఇది హక్కులకి, రక్షణలకి పెట్టొద్దు, ప్రయోగంగా మొదలుపెట్టే వాటికి పెట్టండి.

స్టెప్ 9: మీటింగ్ తర్వాత

జనం మళ్ళీ రాకపోవడానికి పెద్ద కారణం ముందుసారి చెప్పిందేమైందో తెలియకపోవడం. జవాబిచ్చే తేదీ మీటింగ్‌లోనే చెప్పి బోర్డ్ మీద రాయండి. ఆ తేదీకి నిర్ణయం కాకపోయినా పర్లేదు, "ఇంకా కాలేదు, కారణం ఇది, కొత్త తేదీ ఇది" అని పాత తేదీ దాటకముందే చెప్పాలి. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రే నగరం 1989లో మొదలుపెట్టిన జనం బడ్జెట్ (నగరం డబ్బులో కొంత దేనికి పెట్టాలో జనమే తేల్చే పద్ధతి) అప్పట్లో చాలామందిని లాగడానికి ఒక కారణం అది ఏటా తిరిగే చక్రం కావడం, ఈసారి మన వంతు రాకపోతే వచ్చే ఏడు ఉంది, పోయినేడు ఒప్పుకున్నది కట్టారో లేదో అక్కడే అడగొచ్చు.

మినిట్స్ రాసే తీరు కూడా మార్చుకున్నా. ఇప్పుడు నేను రాసే షీట్‌లో పైన అయిదు లైన్లు ముందే ప్రింట్ చేసి ఉంటాయి, అవి నిండకుండా అభ్యంతరాల కాలమ్ ముట్టుకోను:

నోటీసు ఇచ్చిన తేదీ, మీటింగ్ తేదీ, మధ్యలో ఎన్ని రోజులు.
వారంలో ఏ రోజు, ఏ గంటకి మొదలై ఏ గంటకి ముగిసింది.
ఆ గంటకి రాలేనివాళ్ళు ఎవరు, వాళ్ళని ఎప్పుడు ఎక్కడ అడుగుతాం.
ఇవాళ్టికే తేలిపోయినవి ఏవి, ఇంకా మార్చగలిగినవి ఏవి.
జవాబు ఏ తేదీకి, ఎవరు చెప్తారు.

మూడో లైన్ ఖాళీగా ఉంటే సంతకం పెట్టను. మొన్న ఒకాయన "ఎవరూ లేరు, అందరూ రాగలరు" అని నింపమన్నాడు. టైమ్ ఎంతో చూశా, మధ్యాహ్నం మూడున్నర, స్కూళ్ళు వదిలే వేళ.